కొనే ఉద్దేశం లేని పాట

ప్రశ్న: నేను వరంగల్‌లో ఉంటాను. ప్రభుత్వ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందాను. ఏడేళ్ళుగా హైదరాబాద్ సంస్థానపు నాణేలు సేకరిస్తున్నాను. గత నెల ఒక ఆన్‌లైన్ వేలంలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన తొలినాళ్ళ చార్మినార్ రూపాయి, నాణెం మీది ద్వారంలో ఐన్ అనే ఉర్దూ అక్షరం చిన్నదిగా ఉన్న రకం, 1,500 రూపాయల ప్రారంభ ధరతో కనిపించింది. ఆ సైటులో పాట వంద రూపాయల చొప్పున పెరుగుతుంది. 8,000 వరకు నా తరఫున పాడమని సైటులో నమోదు చేశాను. వేరొకాయన 2,400 దగ్గర ఆగిపోయారు. చివరి రోజు రాత్రి 9 గంటల 40 నిమిషాలకు ఇంకో ఖాతా రంగంలోకి దిగి, 3,000తో మొదలుపెట్టి ఐదేసి వందలు పెంచుకుంటూ పదకొండు నిమిషాల్లో పన్నెండు పాటలు పాడింది. 8,500 దగ్గర నన్ను దాటింది. నాలుగు నిమిషాల తర్వాత 'నాణెం రకం పొరబడ్డాను' అంటూ ఆ చివరి పాటను మాత్రం వెనక్కి తీసుకుంది. పది గంటలకు వేలం ముగిసి, నాణెం నాకు 8,000కు వచ్చింది. డబ్బు కట్టాను. నాణెం అసలైనదే. తర్వాత పాత వేలాలు వెతికితే ఆ ఖాతా ఇదే అమ్మకందారు పెట్టిన పద్నాలుగు వేలాల్లో పాడి, ఒక్కటి గెలిచింది. ఆ గెలిచిన, అంతకుముందు నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాటి రూపాయి ఆరు వారాలకు మళ్ళీ అదే అమ్మకందారు పేరుతో వేలానికి వచ్చింది. ఎడమ మినారు పక్కన సన్నటి గీతతో సహా అదే ఫోటో. అమ్మకందారును అడిగితే, 'కొన్నవారు దుబాయ్‌లో ఉంటారు, అక్కడికి పంపడం కుదరలేదు' అన్నారు. నా మిత్రుడు మాత్రం, '8,000 ఇవ్వడానికి సిద్ధపడ్డావు, 8,000కే వచ్చింది, నీకు నష్టమేమిటి?' అంటున్నాడు. దాచకుండా ఇంకో మాట చెబుతాను. నిరుడు ఇదే మిత్రుడు నిజాం కాలపు ఐదు రూపాయల నోటును వేలానికి పెట్టి, 'కాస్త పాట లేపు' అంటే రెండుసార్లు పాడాను. 3,200 దగ్గర ఉన్నది చివరికి 4,600కు పోయింది. కొన్నది కరీంనగర్ కాలేజీ కుర్రాడు. అదీ ఇదీ ఒకటేనా? ఇక మీదట మోసపోకుండా మా నలుగురు మిత్రులం ఒకరి మీద ఒకరం పాడకూడదని అనుకుంటున్నాం. అది సబబేనా?

సమాధానం: మాస్టారూ, మీరు పాటల పట్టికను గంటా నిమిషాలతో సహా రాసి పంపారు. అది లేకపోతే ఇంత నిశ్చయంగా సమాధానం చెప్పగలిగేవాణ్ని కాదు. మీకు జరిగింది మోసమనే నేను నమ్ముతున్నాను. నిరుడు మీరు మీ మిత్రుడి కోసం చేసినది కూడా ఆ జాతి పనే. మీ నలుగురూ చేసుకోవాలనుకుంటున్న ఒప్పందం అదే పనిని కొనేవారి వైపు నుంచి చేయడం. విడివిడిగా చూసినప్పుడు ఒక్కోదానికీ ఏదో ఒక సమర్థన దొరుకుతుంది కనుక, మూడింటినీ కలిపే మాట్లాడతాను.

వేలంలో పాట పాడడమంటే నలుగురిలో మాట ఇవ్వడం. 'ఇంతకు మించి ఎవరూ పాడకపోతే ఈ ధరకు నేను కొంటాను' అన్నదే ఆ మాట. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షల 1,000 రూపాయలకు చేరింది. ఆ పాట ఎవరు పాడుతున్నారో, ఎవరు తగ్గుతున్నారో, చివరికి లడ్డూను ఎవరు నెత్తిన పెట్టుకుని వెళ్తున్నారో ఊరంతా కళ్ళారా చూస్తుంది. 'ఒకటోసారి, రెండోసారి' అన్న తర్వాత నోరు విప్పినవాడు ఆ మాటకు జవాబుదారీ. ఆన్‌లైన్ వేలంలో ఆ ముఖం లేదు. రెండు అక్షరాలు, మధ్యలో నాలుగు చుక్కలు, చివర ఒక అంకె ఉన్న పేరు మాత్రమే మనకు కనిపిస్తుంది. అమ్మకందారే ఇంకో ఫోను నంబరుతో ఖాతా తెరిచి పాడినా, బావమరిది చేత పాడించినా మన తెర మీద అది మరో సేకర్త ఆసక్తిలాగే కనిపిస్తుంది. భూముల విషయంలో బినామీ అనే మాట మనందరికీ తెలుసు. ఇది పాటలో బినామీ. సేకర్తల గుంపుల్లో దీన్ని డమ్మీ పాట అనీ దొంగపాట అనీ అంటారు.

మీ పట్టికనే తీసుకుందాం. ఆ సైటులో పాట వంద రూపాయల చొప్పున పెరుగుతుందని మీరే రాశారు. నిజంగా కొనాలనుకున్న రెండో వ్యక్తి 2,400 దగ్గర ఆగిపోయారు కనుక, ఆ తర్వాత వచ్చిన ఖాతా లేకపోతే మీ నాణెం 2,500కు మీ చేతికి వచ్చేది. మీరు 8,000 కట్టారు. మధ్యలో ఉన్న 5,500 రూపాయలు ఆ పన్నెండు పాటల విలువ. ఆ పాటలు నడిచిన తీరు కూడా చూడండి. వాటిని పాడిన వ్యక్తి నాణెం విలువను వెతకడం లేదు, మీరు ఎక్కడ ఆగుతారో వెతుకుతున్నాడు. చీకట్లో గోడను తడుముకుంటూ వెళ్ళినట్టు ఐదేసి వందలు ముందుకు జరిగాడు. 8,000 దగ్గర మీరూ తానూ సమానమైనప్పుడు, ముందు నమోదు చేసినవారు మీరు కనుక సైటు మిమ్మల్నే ముందుంచింది. 8,500 అన్న వెంటనే తాను ముందుకొచ్చాడు, మీ హద్దు ఎక్కడుందో ఖాయంగా తెలిసిపోయింది. ఇక ఆ నాణెం తన మెడకు చుట్టుకోకుండా చివరి పాటను మాత్రం తీసేస్తే సరిపోతుంది, మిగిలిన పదకొండూ మిమ్మల్ని 8,000 దగ్గరే నిలబెట్టి ఉంచుతాయి. నాణెం రకం పొరబడిన మనిషి ఒక్క పాటను కాదు, పన్నెండింటినీ వెనక్కి తీసుకోవాలి కదా! నాకు అన్నిటికంటే గట్టిగా తోచిన సాక్ష్యం ఇదే.

ఇక మీ మిత్రుడి ప్రశ్న. '8,000 ఇవ్వడానికి సిద్ధపడ్డావు కదా' అన్న వాదన పైకి న్యాయంగానే వినిపిస్తుంది. అందుకే చాలామంది మోసపోయి కూడా నోరు మెదపరు. కానీ మీరు సైటుకు చెప్పిన 8,000 మీ ధర కాదు, మీ గుట్టు. రెండో వ్యక్తి కంటే ఒక్క మెట్టు పైన మాత్రమే కట్టాలి అన్న నియమం మీద నమ్మకంతో మీరు ఆ గుట్టును అప్పగించారు. ఈ పద్ధతి ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1893లోనే అమెరికాలోని మసాచుసెట్స్‌లో తపాలా బిళ్ళల వ్యాపారులు ఉత్తరాల ద్వారా వేలం నడుపుతూ, హెచ్చుపాట పంపినవారు తమ మొత్తాన్ని కాక రెండో పాటను బట్టి వచ్చే ధరనే కట్టే ఏర్పాటు చేశారు. 1961లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త, ఇలాంటి వేలంలో మనసులో ఉన్న అసలు విలువను దాచకుండా చెప్పడమే కొనేవారికి మేలని సిద్ధాంతపరంగా చూపించారు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మేలంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. రెండో పాట నిజమైన మనిషిదై ఉండాలి. అది అబద్ధమైతే నిజం చెప్పినవాడే నష్టపోతాడు. మీరు మీ హద్దును నిజాయితీగా చెప్పారు కనుకే 5,500 పోగొట్టుకున్నారు. నష్టమేమిటని మళ్ళీ అడిగితే మీ మిత్రుడికి ఈ లెక్క చూపించండి.

మీ విషయంలో హద్దును బయటి ఖాతా తడిమి కనిపెట్టింది. అంతకంటే దారుణం, వేలం నడిపేవారే ఆ గుట్టును చూసి వాడుకోవడం. అమెరికాలో క్రీడా జ్ఞాపికల వేలాలకు ఎంతో పేరు మోసిన మాస్ట్రో ఆక్షన్స్ అధిపతి బిల్ మాస్ట్రో మీద 2012లో అభియోగాలు నమోదయ్యాయి. కొనుగోలుదారులు నమ్మి చెప్పిన గరిష్ఠ మొత్తాల దాకా బినామీ పాటలతో ధరను తోసుకుపోవడం ఆ కేసులో ప్రధానాంశం. ఆయన 2013లో నేరం ఒప్పుకున్నారు, 2015లో 20 నెలల జైలు శిక్ష పడింది. హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న, ప్రపంచంలోనే అత్యంత ప్రసిద్ధమైన సేకరణ కార్డు అంచులను తాను కత్తిరించిన సంగతి కూడా ఆయన ఆ సందర్భంలోనే అంగీకరించారు. పాటలో అబద్ధం ఆడడానికి అలవాటు పడిన చెయ్యి వస్తువు మీదకు పోవడానికి ఎంతో కాలం పట్టదని నేను గట్టిగా నమ్ముతాను. మీ నాణెం అసలైనదేనని రాశారు, సంతోషం. అయినా ఆ అమ్మకందారు దగ్గర ఇంతకుముందు ఏమైనా కొని ఉంటే వాటిని ఒకసారి తూచి చూసుకోండి. ఉస్మానియా వెండి రూపాయి 11.18 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి, వాడకంలో అరిగితే కొద్దిగా తగ్గుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చిన్న చిన్న మెట్లతో పాట పెంచే ప్రతివాడూ దొంగ కాడు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు తమ హద్దు తమకే తెలియక, 'ఇంకొక్క ఐదు వందలు' అనుకుంటూ అలాగే పాడతారు. ఒకే అమ్మకందారు వేలాల్లో తరచుగా కనిపించడం కూడా తప్పు కాదు. సంస్థానపు నాణేలు మాత్రమే అమ్మేవారి దగ్గరకు ఆ నాణేల మీద ఇష్టం ఉన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు. పాటను వెనక్కి తీసుకోవడం దానంతట అది నేరమూ కాదు. పాట ముగిసిందని సుత్తి పడేలోపు ఎవరైనా తన పాటను ఉపసంహరించుకోవచ్చని మన చట్టమే చెబుతోంది. ఈ లక్షణాలన్నీ ఒకచోట కూడినప్పుడు, వాటికి తోడు గెలిచిన వస్తువు తిరిగి అమ్మకందారు ఇంటికే చేరినప్పుడు అనుమానం నమ్మకంగా మారుతుంది. మీరు పట్టుకున్న ఆ మినారు పక్కన గీత అందుకే విలువైనది. ఒకే ఏడాది ముద్రించిన రెండు రూపాయలు ఒకేలా ఉండవచ్చు, కానీ వాటి మీద గీతలు ఒకేలా ఉండవు. దుబాయ్ కథ ఆ గీతను చెరపలేదు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. కేంద్ర ప్రభుత్వం గానీ అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరెవరూ దాన్ని దేశం దాటించకూడదు. పాత నాణేలు అమ్మేవారికి ఇది తెలియకుండా ఉండదు. తెలిసీ దుబాయ్ పాటను ఎందుకు ఒప్పుకున్నారో, రెండో పాటదారుకు కబురు కూడా చేయకుండా ఎందుకు ఊరుకున్నారో ఆయనే చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక హోటల్ హాలులో జరిగిన నాణేల వేలానికి నేను వెళ్ళాను. అప్పటికి ఆన్‌లైన్ పాటలు మన దగ్గర ఇంకా అలవాటు కాలేదు. నా పక్క కుర్చీలో కూర్చున్న వ్యక్తి నంబరున్న అట్టను పదే పదే ఎత్తుతున్నాడు. నాణేలున్న ట్రే మా వరుసకు వచ్చినప్పుడు అందరం వంగి, భూతద్దం పెట్టి చూస్తున్నాం. అతను మాత్రం ట్రేను చూడకుండానే నా చేతికి అందించాడు. పాట నడుస్తున్నంతసేపూ అతని చూపు పాడించే ఆయన ముఖం మీదే ఉంది. ఆయన కాగితం పక్కకు జరిపినప్పుడల్లా అట్ట కిందికి దిగేది. ఆ రోజు నేను అష్రఫీ అనే బంగారు నాణేన్ని నా తాహతుకు మించి పాడి గెలుచుకుని ఇంటికి వచ్చాను. ఆ ధరలో ఎంత నా ఇష్టమో, ఎంత పక్కవాడి అట్టో నాకు ఈ రోజుకీ తెలియదు. మీకు పట్టిక ఉంది, గీత ఉంది. నాకు ఆ రోజు అవి లేవు. అందుకే మీరు ఊరుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

చట్టం ఈ విషయంలో మీ పక్షానే ఉంది, అదీ ఎంతో పాత చట్టం. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ పూర్తిగా వేలాల గురించే. అమ్మకందారు తాను గానీ తన తరఫున ఒక్క మనిషి గానీ పాడే హక్కును ముందుగా, బాహాటంగా ప్రకటించి ఉంచుకోవచ్చు. అలా ప్రకటించకుండా తాను పాడినా, ఇంకొకరి చేత పాడించినా ఆ అమ్మకాన్ని మోసపూరితమైనదిగా కొనుగోలుదారు పరిగణించవచ్చు. ధర పెంచడానికి ఉత్తుత్తి పాటలు వాడితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే అవకాశం కొనుగోలుదారుకు ఉంటుంది. అదే సెక్షన్ అమ్మకందారుకు నిజాయితీ గల దారి కూడా చూపించింది. ఇంతకు తక్కువైతే అమ్మను అని కనీస ధర పెట్టుకోవచ్చు. మన ఊళ్ళలో సర్కారు వారి పాట అంటామే, అదే ఇది. వస్తువు కారుచవకగా పోతుందేమోనన్న భయం అమ్మేవారికి ఉండడం సహజం. కానీ ఆ భయానికి మందు కనీస ధర. అది అందుబాటులో ఉండగా దొంగపాటను ఎంచుకున్నవారికి భయం ఒక సాకు మాత్రమే.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఈ రాత్రే ఆ వేలం పేజీని, పాటల పట్టికను, పాత వేలం ఫోటోను, కొత్త వేలం ఫోటోను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచండి. రేపటికి అవి ఉంటాయన్న హామీ లేదు. నాణేన్ని తోమకండి, ఎవరికీ అమ్మకండి, వచ్చిన కవరుతో సహా అలాగే ఉంచండి. రద్దు చేసుకునే హక్కు ఉన్నవారు విషయం తెలిసిన తర్వాత కూడా ఆ వస్తువును తమ సొంతంగా వాడుకుంటూ పోతే ఆ హక్కు బలహీనపడుతుంది. తర్వాత సైటువారి ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వారు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ ఉత్తరంలో ఎవరినీ దొంగ అనకండి. పన్నెండు పాటల సమయాలు, వెనక్కి తీసుకున్న ఒక్క పాట, పద్నాలుగు వేలాలు, తిరిగొచ్చిన నాణెం, ఈ నాలుగూ వరుసగా రాసి, ఈ రెండు ఖాతాలకూ ఫోను, చిరునామా, బ్యాంకు ఖాతా, వాడిన కంప్యూటరు వంటి వివరాల్లో ఏదైనా ఉమ్మడిగా ఉందేమో పరిశీలించమని అడగండి. మీకు కనిపించనిది వారికి కనిపిస్తుంది. అదే రోజున అమ్మకందారుకు కూడా, నాణెం తిరిగి ఇస్తాను, డబ్బు తిరిగి ఇవ్వండి అని లిఖితపూర్వకంగా తెలియజేయండి. నాణెం మీద మీకు మమకారం ఉంటే, తేడా సొమ్ము 5,500 తిరిగి ఇస్తే ఉంచుకుంటానని రాజీకి రావచ్చు. అది బేరం, చట్టం ఇచ్చిన హక్కు మాత్రం అమ్మకాన్ని రద్దు చేసుకోవడమే.

నెల గడిచినా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళండి. 2019 చట్టం వచ్చిన తర్వాత ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు కనుక మీరు వరంగల్ దాటనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, రెండేళ్ళ గడువు ఉంది. అమ్మకందారు వ్యాపారి కాక అప్పుడప్పుడు అమ్మే మామూలు సేకర్త అయితే కమిషన్‌లో ఆయన మీద కంటే సైటువారి సేవాలోపం మీద మీ వాదన బలంగా నిలబడుతుంది. ఈలోపు వాట్సాప్ గుంపుల్లో ఆ పేరు పెట్టి ప్రచారం చేయవద్దు. మన నమ్మకం ఎంత గట్టిదైనా సైటువారి దగ్గరున్న వివరాలు మనం చూడలేదు.

ఇక ముందు ఎలా పాడాలన్నది మీరు అడగలేదు, కానీ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 8,000 అన్న హద్దును మీరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? ఆ సైటులోనే అంతకుముందు అమ్ముడైన ధరలు చూసి ఉంటారని నా అనుమానం. ఆ ధరల్లో కొన్ని ఇదే ఖాతా పాడి పెంచినవి అయితే, దొంగపాట మీ చేత రెండుసార్లు కట్టించినట్టే. ఒకసారి మీ హద్దును పైకి జరిపింది, రెండోసారి ఆ హద్దు దాకా లాక్కెళ్ళింది. ఇప్పుడు మీ 8,000 కూడా 'ఇటీవల అమ్ముడైన ధర'గా ఆ పేజీలో ఉంది. దాన్ని చూసి రేపు ఇంకొకరు తమ హద్దు గీసుకుంటారు. నాలాంటి వాళ్ళకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. నాణేల ధరలకు ప్రభుత్వం వేసే పట్టిక ఏదీ లేదు, ఒకరి కొనుగోలును చూసి మరొకరు నేర్చుకోవడమే మన చదువు. ఆ చదువులో తప్పులు రాసి పెడుతున్నారు. కాబట్టి రెండు మూడు చోట్ల, వేర్వేరు అమ్మకందారుల దగ్గర, వీలైతే ముఖాముఖి వేలాల్లో నిజంగా చేతులు మారిన ధరలు చూసి, ఇతరుల పాటలు చూడకముందే మీ హద్దును కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత చివరి క్షణాల్లో ఒకే ఒక్క పాట పాడండి. చివరి క్షణంలో పాడేవాళ్ళను చాలామంది తిట్టుకుంటారు గానీ అందులో అబద్ధమేమీ లేదు. కొనే ఉద్దేశంతోనే పాడుతున్నారు, పైగా తడుముకునేవాడికి సమయం దొరకదు. చివర్లో పాట పడితే గడువును పొడిగించే సైట్లలో ఈ ఉపాయం పనిచేయదు, అక్కడ కాగితం మీది అంకె ఒక్కటే మీకు అండ.

నలుగురు మిత్రుల ఒప్పందం సంగతి. టెండర్లలో కాంట్రాక్టర్లు రింగ్ అయ్యారంటే మనం మండిపడతాం. మద్యం దుకాణాల సిండికేట్ల గురించి తిట్టుకోని ఊరు లేదు. పని అదే అయినప్పుడు వస్తువు చిన్నదైనంత మాత్రాన పేరు మారదు. 1990లలో ఉత్తర అమెరికాలో 11 మంది తపాలా బిళ్ళల వ్యాపారులు వేలాలకు ముందు తమలో తాము పాడుకుని, ఎవరు కొనాలో తేల్చుకుని, బయటి వేలంలో పోటీ పడకుండా చవకగా కొని, మిగిలిన లాభాన్ని పంచుకున్నారు. చివరికి అది బయటపడి కేసులయ్యాయి. ఆ వేలాల్లో నష్టపోయింది ఎవరు? తండ్రి వదిలి వెళ్ళిన ఆల్బమ్‌ను, భర్త పోయాక బీరువాలో మిగిలిన పెట్టెను విలువ తెలియక వేలానికి అప్పగించిన కుటుంబాలు అందులో తప్పకుండా ఉంటాయి. ఒకరికి లేని నాణేన్ని ఇంకొకరు కొని తర్వాత ఇచ్చిపుచ్చుకోవడం వేరు, నలుగురూ కలిసి ఒకరి నోరు మూయడం వేరు. ఎవరెవరికి ఏ నాణేలంటే ఆసక్తో చెప్పుకోండి, ధరల సమాచారం పంచుకోండి, అనుమానపు ఖాతాల వివరాలు కలిసి గమనించండి. పాడకుండా ఉండమని మాత్రం ఒకరి దగ్గర ఒకరు మాట తీసుకోవద్దు.

చివరగా ఐదు రూపాయల నోటు. మీరు 'అదీ ఇదీ ఒకటేనా' అని అడగడంలోనే మీ మనసుకు జవాబు తెలుసని నాకు అర్థమైంది. మీకు ఆ నోటు అక్కర్లేదు. పాట మీ మీద ఆగిపోతే మీ మిత్రుడు మీ దగ్గర డబ్బు తీసుకునేవాడూ కాదు. అంటే మీరు పాడిన రెండు పాటలూ ఆ పన్నెండు పాటల వంటివే. సంఖ్యలో తేడా తప్ప గుణంలో తేడా లేదు. స్నేహితుడి మొహమాటం కోసం చేశాననడం నిజమే కావచ్చు. 2000లో ఈబే అనే వేలం సైటులో ఒక చిత్రాన్ని ప్రసిద్ధ చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కోర్న్ గీసినదేమో అనిపించేలా వేలానికి పెడితే అది 1,35,805 డాలర్ల దాకా పోయింది. విచారించి చూస్తే ముగ్గురు పరిచయస్తులు 40కి పైగా ఖాతాలతో ఒకరి వస్తువుల మీద ఒకరు పాడుకుంటున్నారని తేలింది. ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది, 2001లో ముగ్గురి మీదా కేసు పెట్టారు. వాళ్ళది కూడా 'నువ్వు నాది లేపు, నేను నీది లేపుతాను' అన్న సర్దుబాటే. మిమ్మల్ని వారితో సమానంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు, మీరు దాచకుండా రాశారు. కానీ మీ ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ లెక్క తేల్చుకోవాలి.

లెక్క చిన్నదే. మీరు దిగకముందు 3,200 దగ్గర ముందున్నది ఆ కుర్రాడే అయితే, మీ తర్వాత అతను 4,600 కట్టాడు. తేడా 1,400 రూపాయలు. మధ్యలో ఇంకెవరైనా నిజంగా పాడి ఉంటే ఆ మేరకు తగ్గించుకోండి, పట్టిక మీ మిత్రుడి ఖాతాలో ఇంకా ఉంటుంది. ఆ సొమ్ము మీ మిత్రుడి చేతికి వెళ్ళింది కనుక తిరిగి ఇవ్వాల్సింది ముందుగా ఆయన. ఆయన ఒప్పుకోకపోతే మీరు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కారణం చెప్పి ఇవ్వండి. 'నోటు ధర ఎక్కువ పడింది, సర్దుబాటు చేస్తున్నాం' అని కాక, రెండు పాటలు నావే, కొనే ఉద్దేశం లేకుండా పాడాను అని మీ పేరుతో రాయండి. కుర్రాడు నోటే వద్దంటే మీ మిత్రుడు మొత్తం 4,600 తిరిగి ఇచ్చి నోటు వెనక్కి తీసుకోవాలి, ఎందుకంటే మీరు ఇప్పుడు కోరుతున్న హక్కే ఆ కుర్రాడికీ ఉంది. చిరునామా దొరకదని మీ మిత్రుడు అనవచ్చు. ఆ నోటును కవరులో పెట్టి, పైన కరీంనగర్ చిరునామా రాసి పోస్టు చేసింది ఆయనే.